లెక్కకు అందని ఆదరణ: గ్రామీణ వృద్ధుల మనోస్థితిని కొలుచు ప్రశ్నావళులపై ఒక విమర్శ
(తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల నేపథ్యములో)

ఉపోద్ఘాతము

గ్రామములలోని వృద్ధుల మానసిక ఆరోగ్యము, వారికి లభించు సామాజిక ఆదరణ అను అంశములపై మన దేశములో అనేక పరిశోధనలు వెలువడుచున్నవి. నర్సింగ్, మనస్తత్వ శాస్త్రము, సోషల్ వర్క్ చదువు విద్యార్థులే గాక, వేదాంత కళాశాలలలో పాస్టోరల్ కౌన్సెలింగ్ అభ్యసించువారు కూడ ఈ అంశములను చేపట్టుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయము. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశములో 60 ఏండ్లు దాటినవారు సుమారు 10 కోట్ల 38 లక్షల మంది. వారిలో నూటికి 71 మంది గ్రామములలోనే ఉండిరి. పల్లెలోని సంఘమునకు ఆదివారము ఉదయమున వెళ్ళి చూచినయెడల ముందు వరుసలలో కూర్చుండువారు ఎవరో జనాభా లెక్కలు లేకుండగనే తెలియును.

ఈ పరిశోధనలలో తరచుగా రెండు ప్రశ్నావళులు కనబడుచున్నవి. మొదటిది కుంగుబాటును కొలుచు జెరియాట్రిక్ డిప్రెషన్ స్కేల్. రెండవది ఆదరణను కొలుచు మల్టీడైమెన్షనల్ స్కేల్ ఆఫ్ పర్సీవ్డ్ సోషల్ సపోర్ట్. ఒకదానిలో వచ్చిన మార్కులను రెండవదానిలో వచ్చిన మార్కులతో పోల్చి, ఆదరణ తగ్గినకొలది కుంగుబాటు పెరుగుచున్నదని తేల్చుట వాడుకయైనది. ఆ తేల్పు తప్పని మేము చెప్పుట లేదు. అయితే కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఒక వృద్ధురాలిని ఈ ప్రశ్నలడిగినప్పుడు ఆమె జీవితములో ఏది లెక్కకు వచ్చుచున్నది, ఏది జారిపోవుచున్నది అను ప్రశ్నను ఈ వ్యాసములో పరిశీలింపగోరుచున్నాము.

1. ప్రశ్నావళుల పుట్టుక, వాటి మేలు

మొదటి ప్రశ్నావళిని అమెరికా మానసిక వైద్యుడు యెసవేజ్, ఆయన సహచరులు 1982-83 సంవత్సరములలో 30 ప్రశ్నలతో ప్రచురించిరి. 1986లో 15 ప్రశ్నల సంక్షిప్త రూపము వచ్చినది. ప్రతి ప్రశ్నకు అవును, కాదు అను రెండే జవాబులు. చదువురాని వృద్ధులకు చదివి వినిపించుటకు ఇది ఎంతో అనుకూలమైనది. మరియొక మంచి ఆలోచన ఇందులో కలదు. నిద్ర, ఆకలి, నొప్పులు మొదలైన శరీర లక్షణములను దీనిని తయారుచేసినవారు కావలెననియే విడిచిపెట్టిరి. వృద్ధాప్యములో కీళ్ళ నొప్పి, నిద్రలేమి సహజముగా ఉండును గనుక, వాటిని కుంగుబాటుగా పొరబడకూడదని వారి ఉద్దేశము.

రెండవ ప్రశ్నావళిని జిమెట్, ఆయన సహచరులు 1988లో ప్రచురించిరి. ఇందులో 12 వాక్యములు కలవు. కుటుంబము, స్నేహితులు, ఒక ప్రత్యేక వ్యక్తి అను మూడు ఆధారముల నుండి ఆదరణ లభించుచున్నదా అని ఇవి అడుగును. ప్రతి వాక్యమునకు ఏడు మెట్ల జవాబు. దీనిని మొదట పరీక్షించినది అమెరికాలోని విశ్వవిద్యాలయ విద్యార్థుల మీద. పరాయి దేశములో పుట్టినంత మాత్రమున ఒక సాధనము పనికిరానిది కాదు. థర్మామీటరు కూడ మన దేశములో పుట్టినది కాదు. కాని జ్వరము ఏ భాషలోనైనను ఒకటే. దిగులు అట్టిది కాదు.

2. దిగులునకు గల తెలుగు

మన వార్తాపత్రికలు డిప్రెషన్ అను మాటకు కుంగుబాటు అని వ్రాయుచున్నవి. చెరుకుపల్లిలోనో కొల్లిపరలోనో అరుగు మీద కూర్చున్న పెద్దమ్మ ఆ మాట వాడదు. ఆమెకు బెంగ కలదు, దిగులు కలదు, మనసు విరుగుట కలదు, విసుగు కలదు. ఇవి నాలుగును ఒకటి కావు. బెంగ ఎల్లప్పుడును ఒకరి మీద ఉండును: హైదరాబాదులోని కూతురు మీద, గల్ఫుకు ఇంటిపనికి వెళ్ళిన కోడలి మీద, చనిపోయిన భర్త మీద. దిగులు రాబోవు దానిని గూర్చినది: మంచాన పడితే ఎవరు చూచెదరు అనునది. మనసు విరుగుట ఎవరో ఒకరు అన్న మాట వలన కలుగును. విసుగు బ్రదుకు మీదనే. బెంగకు మందు మనిషి రాక, దిగులునకు మందు ఒక భరోసా, విరిగిన మనసునకు మందు సమాధానపడుట. విసుగు ముదిరినప్పుడు మాత్రము వైద్యుని అవసరము తప్పనిసరి. ఈ నాలుగింటిని ఒకే మార్కుగా కూడినప్పుడు, ఎవరికి ఏది అవసరమో చెప్పగల సమాచారము పోవుచున్నది.

ఇక శరీరపు మాట. మన వృద్ధులు తమ దుఃఖమును ఎక్కువగా దేహముతోనే చెప్పుదురు. గుండెల్లో దడ, కడుపులో మంట, కాళ్ళు పీకుట, తల తిరుగుట, ఒళ్ళంతా నీరసము. వీటిని చెప్పుకొని ఊరిలోని ఆర్.ఎం.పి. వద్దకు వెళ్ళుదురు. ఆయన ఒక బలం ఇంజక్షను చేయును, కొన్నిసార్లు సెలైను ఎక్కించును. రెండు రోజులు నెమ్మది కలుగును, ఎందుకనగా ఆ పూట ఎవరో చేయిపట్టి చూచిరి. పొరపాటునకు తావీయకూడదని ఆ ప్రశ్నావళి విడిచిపెట్టిన శరీర లక్షణములే ఇక్కడ దుఃఖము మాటలాడు భాష. వాటిని తిరిగి మార్కులలో కలుపవలెనని మేము కోరుట లేదు. నొప్పి ఎప్పటి నుండి, ఎవరు వెళ్ళిపోయిన తరువాత, ఏ మాట విన్న తరువాత మొదలైనది అని ప్రశ్నావళి ప్రక్కన విడిగా అడిగి వ్రాసికొనవలెననియే మా మనవి.

ఈ నిశ్శబ్దము ఎంత పెద్దదో జాతీయ స్థాయిలోనే కనబడుచున్నది. లాసీ అని పిలువబడు దేశవ్యాప్త వృద్ధాప్య అధ్యయనము 2017-18లో ఆరంభమై, 45 ఏండ్లు దాటిన 72 వేలకు పైగా ప్రజలను కలిసికొని, 2021 జనవరిలో తన మొదటి విడత నివేదికను వెలువరించినది. దాని ప్రకారము 60 ఏండ్లు దాటినవారిలో సుమారు 8 శాతమునకు తీవ్రమైన కుంగుబాటు ఉండవచ్చును. కాని వైద్యుడు తమకు ఆ వ్యాధిని నిర్ధారించెనని చెప్పినవారు ఒక్క శాతము కూడ లేరు. మిగిలినవారి దుఃఖము ఎక్కడికి పోవుచున్నది? చాలవరకు నొప్పుల మాత్రలలోనికి, మౌనములోనికి పోవుచున్నదని మేము తలంచుచున్నాము.

3. ఎవరు అడుగుచున్నారు, ఎవరు వినుచున్నారు

పల్లె ఇంటిలో ప్రశ్నలు వసారాలోనే అడుగబడును. కోడలు తలుపు ప్రక్కన నిలువబడును, మనుమలు చుట్టు చేరుదురు, పొరుగువారు తొంగిచూచుదురు. అట్టి చోట నీ కుటుంబము నీకు సహాయపడుచున్నదా అని అడిగినప్పుడు ఏ తల్లి కాదని చెప్పును? ఆ జవాబు కొడుకు పరువునకు సంబంధించినది. ఏడు మెట్లలో ఏ మెట్టు అని అడిగినను, ‘ఆఁ, చూస్తారండీ’ అనియే ఆమె చెప్పును. ఆ మాటను ఆరవ మెట్టుగా వేయవలెనా, మూడవ మెట్టుగా వేయవలెనా అనునది పరిశోధకుని చేతిలో ఉండిపోవును. ‘చూస్తారండీ’ అనునప్పటి నిట్టూర్పునకు గడి లేదు.

అడుగువాడు పాస్టరుగారైనచో ఇంకొక తెర పడును. ‘ప్రభువు కృపలో బాగున్నామయ్యగారూ’ అను జవాబు మనకు పరిచయమే. సాక్ష్యములలో విజయము మాత్రమే చెప్పవలెనని, దుఃఖము విశ్వాసలోపమని మన సంఘములలో ఒక అలవాటు బలపడినది. బైబిలు అట్టి నియమము పెట్టలేదు. కీర్తనలలో మొఱ్ఱలు అనేకము. నయోమి తన పేరే మార్చి పిలువుమని ఊరివారితో చెప్పినప్పుడు ఆమెను ఎవరును మందలించలేదు. ఏలీయా బదరీవృక్షము క్రింద చావు కోరుకొన్నప్పుడు దేవుడు మొదట ఇచ్చినది నిద్ర, రొట్టె, నీళ్ళు. తరువాత మాటలాడెను. ఆ తరువాత ఎలీషాను తోడిచ్చెను. ఈ వరుస ఏ మానసిక వైద్యునికైనను సమ్మతమే. సంఘములో మొఱ్ఱకు చోటు ఇచ్చినప్పుడే మన ప్రశ్నలకు నిజమైన జవాబులు వచ్చును.

4. కుటుంబము, స్నేహితులు, ప్రత్యేక వ్యక్తి

రెండవ ప్రశ్నావళిలోని మూడు గదులు మన పల్లె ఇంటికి సరిపడవు. ప్రత్యేక వ్యక్తి అను మాటను తెలుగు చేసి డెబ్బది ఏండ్ల విధవరాలిని అడిగినయెడల ఆమె తెల్లబోవును, లేదా నవ్వును. మా భర్త పోయి పదేళ్ళయిందండీ అనును. క్రైస్తవురాలైనచో యేసుప్రభువు అని చెప్పును. ఈ మూడు జవాబులకు మార్కులు వేరు వేరుగా పడును. జీవితములో తేడా మాత్రము లేదు.

స్నేహితులు అను గది మరింత తికమకయైనది. మన పల్లెలలో పెద్ద వయస్సు స్త్రీకి స్నేహితురాలు అను మాట అలవాటు లేదు. ఆమెకు అక్కలు, వదినలు, పిన్నులు కలరు. వారిలో అనేకులు రక్తసంబంధులు కారు, వరస కలుపుకొనినవారు. ప్రతి సాయంత్రము నలుగురు వదినలతో కూర్చుండి తమలపాకు నమలుచు కష్టసుఖములు చెప్పుకొను స్త్రీ, నీకు స్నేహితులున్నారా అని అడిగినప్పుడు లేరని చెప్పును. కాగితము మీద ఆమె ఒంటరి. పైగా పుట్టింటి అన్నదమ్ములు, ఆడపిల్లను ఇచ్చిన వియ్యాలవారు, అప్పు పెట్టు కొట్టువాడు, స్త్రీల సమాజము, బైబిలు స్త్రీ మొదలైనవారికి ఆ ప్రశ్నావళిలో గది లేదు.

మరియొక సంగతి. ఈ మూడు పట్టణముల చుట్టునున్న గ్రామములన్నియు ఒకే విధముగా లేవు. తెనాలి వైపు పంటకాలువల క్రింది ఊళ్ళలో పిల్లలు అమెరికాలో స్థిరపడగా పెద్ద మేడలో ఇద్దరు వృద్ధులు మాత్రమే మిగిలిన ఇండ్లు కలవు. వారికి డబ్బు కలదు, వీడియో కాల్ కలదు. రాత్రి ఆయాసము వచ్చినప్పుడు పిలుచుటకు మనిషి లేడు. మాలపల్లె, మాదిగపల్లెలలోని వృద్ధురాలి చుట్టు మనుష్యులు కలరు. అయితే నడుము వంగి నాట్ల ముఠాలోనికి పోలేని రోజున ఆమె కూలితో పాటు, ముప్పది ఏండ్లు కలిసి పాడిన, కలిసి తిన్న గుంపును కూడ పోగొట్టుకొనుచున్నది. నిజాంపట్నము, సూర్యలంక వైపు సముద్రమునకు పోలేని ముసలి జాలరి ఒడ్డున వలలు బాగుచేయుచు గుంపులోనే ఉండగలడు. చూపు పోయినచో అదియు పోవును. ముగ్గురికిని ఆదరణ తక్కువ అని ఒకే అంకె వచ్చినను, ఆ లోటు ఒకటి కాదు.

ఆదరణ దానంతట అది తగ్గినదా, ఇతరులచే లాగివేయబడినదా అను ప్రశ్న కూడ ఇందులో లేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో దళితులు హత్య చేయబడినప్పుడు అనేక కుటుంబములు ఊరు విడిచి తెనాలిలో తలదాచుకొనిరి. ఆనాటి యువతీయువకులు ఈనాడు వృద్ధాప్యములో అడుగుపెట్టుచున్నారు. ఒక ఊరు తనను వెళ్ళగొట్టిన జ్ఞాపకము గలవారిని, నీ ఇరుగుపొరుగు నీకు తోడుగా ఉన్నారా అని అడుగుట ఎంత బరువైన ప్రశ్నయో పరిశోధకుడు గుర్తెరుగవలెను. మానసిక ఆరోగ్యము మనిషి తలలో మాత్రమే ఉన్నదన్నట్లు కొలుచుట న్యాయము కాదు.

5. పుచ్చుకొనుట మాత్రమేనా?

ఈ ప్రశ్నావళిపై మా ప్రధానమైన విమర్శ ఇది. వృద్ధులకు ఏమి లభించుచున్నదని అది అడుగును. వారు ఏమి ఇచ్చుచున్నారని అడుగదు. మన పల్లెలలో వృద్ధుల గౌరవము ఇచ్చుటలోనే ఎక్కువగా నిలిచియున్నది.

పింఛను విషయము చూడుడి. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 2024 జూలై 1 నుండి 3,000 రూపాయల నుండి 4,000 రూపాయలకు పెరిగినది. జాతీయ వృద్ధాప్య పింఛను పథకములో 60 నుండి 79 ఏండ్లవారికి కేంద్రము ఇచ్చు వాటా నెలకు 200 రూపాయలు, 80 దాటినవారికి 500 రూపాయలు మాత్రమే. మిగిలినది రాష్ట్రము భరించుచున్నది. ఈ సొమ్ము ఎక్కడికి పోవుచున్నదో పల్లె కాపరులకు తెలియును. కొంత మందులకు, కొంత మనుమడి ఫీజునకు, కొంత కోడలి చేతికి, కొంత చందా సంచిలోనికి. పింఛను వచ్చిన నాడు ముసలమ్మ మాటకు ఇంటిలో విలువ కలదు. ఇంటి తలుపు తట్టి, పేరు పెట్టి పిలిచి, వేలిముద్ర వేయించుకొని డబ్బు చేతిలో పెట్టుట కొందరికి నెలలో దొరకు ఒకే ఒక పలకరింపు. ఆ పని చేసిన వాలంటీర్లను 2024 ఎన్నికల వేళ దానినుండి తప్పించినప్పుడు, ఏప్రిల్, మే నెలలలో అనేకులు ఎండలో సచివాలయములకు, బ్యాంకులకు నడువవలసి వచ్చినది. ఆ రెండు నెలలు వారు పోగొట్టుకొన్నది సౌకర్యము మాత్రమే కాదు.

అయితే ఇచ్చుటలోనే విలువ చూచుకొనుటలో ఒక ప్రమాదము కూడ కలదు. ఇచ్చుటకు ఏమియు మిగులని దినము వచ్చినప్పుడు నేను బరువు అను తలంపు పుట్టును. వృద్ధుల దిగులులో ఇది అత్యంత ప్రమాదకరమైన తలంపు. అందుచేత ఇచ్చు శక్తిని గూర్చి అడుగని ప్రశ్నావళి, ఆ ప్రమాదము వచ్చు దారిని కూడ చూడజాలదు.

తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక అయిదవ అధ్యాయములో విధవరాండ్ర జాబితా ఒకటి కలదు. దాని వయోపరిమితి అరువది ఏండ్లు. మన పింఛను పథకములు కూడ ఎక్కువగా ఆ వయస్సునే తీసికొన్నవి. ఆ జాబితా ఆమె అవసరమును చూచుటతో పాటు, ఆమె చేసిన పరిచర్యను, పెంచిన పిల్లలను, ఇచ్చిన ఆతిథ్యమును, ఆదుకొన్న శ్రమలను లెక్కించినది. వృద్ధులు ఇచ్చినదానిని గుర్తించు పట్టిక ఆదిమ సంఘములోనే ఉండెనని దీనివలన తెలియుచున్నది. అయినను మంచి పనులు చేసినవారికే ఆదరణ అను షరతుగా దీనిని ఈ దినములలో వాడరాదు. అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయములో గ్రీకు భాష మాట్లాడు విధవరాండ్రు నిర్లక్ష్యము చేయబడినప్పుడు సంఘము వారి యోగ్యతలను విచారింపలేదు. పంచిపెట్టు ఏర్పాటునే మార్చినది. ఈ రెండు అధ్యాయములను కలిపి చదువవలెను.

6. ఏ ఋతువులో అడిగిరి?

మనోస్థితికి కాలము కూడ సంబంధించును. 1977 నవంబరు 19 నాటి తుఫానును, ఉప్పెనను చూచిన యువకులు ఇప్పుడు డెబ్బది ఏండ్లకు చేరువైనవారు. రేపల్లె తీరగ్రామములలో కార్తీకమాసపు గాలి వీచినప్పుడు వారిలో కొందరికి నిద్ర పట్టదు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల సమీపముననే తీరము దాటినది. 2024 సెప్టెంబరు ఆరంభములో ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద కొల్లూరు, భట్టిప్రోలు మండలముల లంక గ్రామములను ముంచినది. నవంబరులో అడిగిన ప్రశ్నకును, సంక్రాంతికి పిల్లలందరు వచ్చియున్న వారములో అడిగిన ప్రశ్నకును జవాబు ఒకటి కాదు. పరిశోధనలు ఏ నెలలో సమాచారము సేకరించెనో వ్రాసినను, ఆ నెల ఆ ఊరికి ఏమిటో చాల అరుదుగా చెప్పుచున్నవి.

7. అడిగి వెళ్ళిపోవుట

చివరగా నైతికమైన ప్రశ్న. జీవితము శూన్యమని అనిపించుచున్నదా, ఆశ లేదని అనిపించుచున్నదా అను భావము గల ప్రశ్నలు ఈ ప్రశ్నావళులలో కలవు. ఒక వృద్ధుడు అవును అని చెప్పును. విద్యార్థి ఒక మార్కు వేసికొని తరువాతి ఇంటికి వెళ్ళును. ఎన్నడును ఎవరితోను చెప్పని మాటను ఆ మనిషి చెప్పెను. విన్నవారు తిరిగి రాలేదు. మూసియున్న పుండును తెరచి కట్టు కట్టకుండ వెళ్ళుట వంటిదే ఇది.

దారులు లేకపోలేదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2017లో చేయబడి 2018 మే నుండి అమలులో ఉన్నది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా ఎంచి ఆదరింపవలెనని అది చెప్పుచున్నది. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలి మానస్ 14416 నంబరునకు ఉచితముగా ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును. వృద్ధుల సహాయమునకు 14567 ఎల్డర్ లైన్ కలదు. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగము కలదు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టము క్రింద రెవెన్యూ అధికారి స్థాయి ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకొనవచ్చును. కాని ఆ చట్టము క్రింద సాధారణముగా తల్లియే కొడుకు మీద ఫిర్యాదు చేయవలసి వచ్చును. అన్నము కొరకు కొడుకును పోగొట్టుకొనుటకు సిద్ధపడు తల్లులు అరుదు. ఇక్కడనే పెద్దమనుష్యులు, సంఘ పెద్దలు, మండలి సభ్యులు ఫిర్యాదునకు ముందే మాటలాడవలసిన స్థలము కలదు.

సూచనలు

పై విమర్శను బట్టి కొన్ని సూచనలు చేయుచున్నాము. ప్రశ్నలు ఒంటరిగా, సాధ్యమైనంతవరకు స్త్రీలను స్త్రీలే అడుగవలెను. స్నేహితులు, ప్రత్యేక వ్యక్తి అను మాటలకు బదులు, సాయంత్రము ఎవరితో కూర్చుండెదరు, రాత్రి ఒంట్లో బాగుండకపోతే మొదట ఎవరిని పిలిచెదరు, మీ మనసులోని మాట ఎవరికి తెలియును అని అడుగవలెను. మీరు ఎవరికి ఏమి చేయుచున్నారు అను ప్రశ్నను చేర్చవలెను. బెంగ, దిగులు, విరిగిన మనసు, విసుగు వేరు వేరుగా వ్రాసికొనవలెను. ఆశ లేదని చెప్పినవారిని ఎవరి వద్దకు పంపవలెనో నిర్ణయించుకొనిన తరువాతనే పరిశోధన మొదలుపెట్టవలెను, పది దినములలో మరల దర్శింపవలెను. మన కళాశాలల పరిశోధన మార్గదర్శకులు ఈ చివరి నియమము లేని ప్రతిపాదనను అంగీకరింపకూడదని మా అభిప్రాయము.

ముగింపు

ఈ ప్రశ్నావళులను పారవేయవలెనని మేము చెప్పుట లేదు. అంకెలు లేనియెడల ప్రభుత్వము వినదు, ఆసుపత్రిలో పడక రాదు, సంఘ బడ్జెటులో వృద్ధుల పద్దు ఉండదు. అయితే అంకెకు ముందు ఒక ముఖము, అంకె తరువాత ఒక దర్శనము ఉండవలెను. ఇండ్ల దర్శనము మన పరిచర్యలో పాతకాలపు అలవాటు. సభలు, మైకులు పెరిగినకొలది అది తగ్గుచున్నది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో పరిచర్య చేయు కాపరులు, విద్యార్థులు ఈ సంవత్సరము తమ గ్రామములో 60 దాటినవారి పేర్లు, సంఘస్థులవి మాత్రమే కాక అందరివియు, ఒక పుస్తకములో వ్రాసికొని, ఎవరిని ఎప్పుడు చూచిరో తేదీ వేసికొనినయెడల, అది మన పరిశోధనలకు మంచి ఆరంభము కాగలదు. తేదీ లేని పేర్లు ఎవరివో ఆ పుస్తకమే చూపించును. వారి ఇండ్లకు మొదట వెళ్ళవలెను.